బ్రేకులు లేని సైకిలు

సైకిలు మనకు కొత్త వస్తువు కాదు. పాలు పోసే మనిషి సైకిలు మీద వస్తాడు. కూరగాయల గంప సైకిలు మీద వస్తుంది. మన ఆడపిల్లలు హైస్కూలుకు సైకిళ్ళ మీద వెళ్తున్నారు. ఐదుగురు ఆరుగురు కలిసి గుంపుగా వెళ్తారు. మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ వెళ్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

ఇంతలో వెనక నుంచి లారీ హారన్ కొడుతుంది. గుండె ఝల్లుమంటుంది. ఒకమ్మాయి ఎడమకు తిప్పుతుంది. ఒకమ్మాయి కుడికి తిప్పుతుంది. ఇంకొకమ్మాయి గట్టిగా బ్రేకు వేస్తుంది. ఒకరి చక్రం ఇంకొకరి చక్రానికి తగులుతుంది. ఇద్దరు ముగ్గురు కింద పడతారు. లారీ వాళ్ళను ముట్టుకోనే లేదు. వాళ్ళు ఒకరినొకరు పడేసుకున్నారు.

ఒంటరిగా సైకిలు తొక్కడం ఒక విద్య. నలుగురితో కలిసి తొక్కడం ఇంకో విద్య. మొదటిది అన్నో, నాన్నో, స్నేహితురాలో నేర్పుతారు. రెండోది నేర్పేవారు తక్కువ.

ఆ రెండో విద్యను పనిగట్టుకొని నేర్పే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ సైకిళ్ళకు బ్రేకులు ఉండవు. అయినా పది పదిహేను మంది కలిసి, గాలి కంటే జోరుగా తొక్కుతారు. ఒకరి వెనక ఒకరు, జానెడు మూరెడు దూరంలో వెళ్తారు. బ్రేకు లేకుండా అంత దగ్గరగా ఎలా వెళ్తారు? పడరా? ఆ సంగతి చెప్పుకుందాం. అందులో మన రోడ్డుకు పనికొచ్చే మాటలు చాలా ఉన్నాయి.

గిన్నె లాంటి దారి

సైకిలు పందేల కోసం కట్టే దారిని ట్రాకు అంటారు. ఆ కట్టడం మొత్తాన్ని వెలోడ్రోమ్ అంటారు. పేరు కొంచెం నోరు తిరగదు. విడగొట్టి చదవండి. వె - లో - డ్రోమ్.

ఇది కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ తిరిగి వచ్చే దారి. ఒలింపిక్ పోటీలు జరిగే ట్రాకు ఒక చుట్టు 250 మీటర్లు. అంటే నాలుగు చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు. లోపలి ట్రాకులను చెక్క పలకలతో పరుస్తారు. ఆరుబయట ఉండేవాటిని ఎక్కువగా సిమెంటుతో కడతారు.

ఢిల్లీలో ఇందిరా గాంధీ స్టేడియం దగ్గర చెక్క ట్రాకు ఉంది. 2010లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. ఆ క్రీడల కోసం దాన్ని కట్టారు. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో కూడా ఒక వెలోడ్రోమ్ ఉంది.

ఈ దారి చదునుగా ఉండదు. లోపలి వైపు పల్లంగా, బయటి వైపు ఎత్తుగా ఉంటుంది. మలుపుల దగ్గర మరీ ఏటవాలుగా ఉంటుంది. మన పెంకుటింటి కప్పు కంటే నిటారుగా ఉంటుంది. కింద నిలబడి చూస్తే గోడలా కనిపిస్తుంది. మొదటిసారి చూసినవారు దీని మీద సైకిలు ఎలా నిలుస్తుంది అని నోరు తెరుస్తారు.

జాతరలో చెక్క బావి మీరు చూసే ఉంటారు. ఒకాయన బావి గోడల మీద మోటారు సైకిలు గిరగిరా తిప్పుతాడు. పడడు. జోరే అతన్ని గోడకు అంటిపెడుతుంది. ఇంకో ఉదాహరణ చెప్తాను. సగం నీళ్ళున్న బకెట్టును చేత్తో పట్టుకొని గుండ్రంగా తిప్పండి. బకెట్టు తలకిందులైనా నీళ్ళు పడవు. తిప్పడం నెమ్మది చేస్తే నెత్తిన పడతాయి. ఈ ట్రాకు కూడా అంతే. సైకిలు గంటకు సుమారు 25, 30 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉండాలి. అప్పుడే మలుపులో టైర్లు పలకను పట్టుకుంటాయి. భయపడి మలుపులో నెమ్మది చేస్తే జారి కిందికి వస్తారు.

చూశారా! మామూలుగా భయం వేస్తే నెమ్మదిగా పొమ్మంటారు. ఇక్కడ భయపడి నెమ్మది చేసినవారే పడతారు.

ఆపలేని పెడలు

ఇక సైకిలు సంగతి చూద్దాం. మన సైకిలుకు వెనక చక్రంలో ఫ్రీవీలు ఉంటుంది. అందువల్ల మనం తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. దిగుడు వస్తే కాళ్ళు ఆపి హాయిగా కూర్చుంటాం. టకటకమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఫ్రీవీలుదే.

ట్రాకు సైకిలుకు ఫ్రీవీలు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతుంది. పెడలు తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాలి. కాళ్ళు బిగబట్టి ఆపుదామంటే సైకిలు ఒప్పుకోదు. మనిషిని సీటు మీద నుంచి ఎత్తి పడేస్తుంది. కొత్తగా వచ్చినవారికి శిక్షకులు మొదటి గంటలోనే ఈ మాట చెప్తారు. తొక్కడం ఆపకండి. ఒకసారి చెప్పి ఊరుకోరు. పదిసార్లు చెప్తారు. ఇన్నేళ్ళ అలవాటు కాళ్ళకు ఉంటుంది కదా!

మరి ఎలా ఆగుతారు? అలసటగా ఉన్నప్పుడు బండి లాగుతున్న ఎద్దు అడుగు నెమ్మదిగా వేస్తుంది. అలాగే పెడలు మీద కాలి ఒత్తిడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ట్రాకు పై వైపుకు సైకిలును ఎక్కిస్తారు. ఎత్తు ఎక్కితే వేగం తగ్గుతుంది. తర్వాత కిందికి వచ్చి రెండు మూడు చుట్లు నెమ్మదిగా తిరుగుతారు. చివరికి కటకటాల కమ్మిని చేత్తో పట్టుకొని ఆగుతారు. అంతా నెమ్మదిగా జరగాలి. టక్కున ఆగడం అనేది అక్కడ లేదు.

బ్రేకులు ఎందుకు తీసేశారు, అది ప్రమాదం కాదా అని మీరు అడగవచ్చు. వినడానికి వింతగా ఉన్నా, అక్కడ బ్రేకు ఉంటేనే ప్రమాదం. అందరూ ఒకే దిక్కుకు, ఒకరి వెనక ఒకరు పోతున్నారు. ముందున్న మనిషి టక్కున బ్రేకు వేస్తే వెనకున్న మనిషి వచ్చి గుద్దుకుంటుంది. ఆమె వెనకున్న మనిషి ఆమెను గుద్దుకుంటుంది. ఎవరికీ బ్రేకు లేకపోతే ఎవరూ టక్కున ఆగలేరు. కాబట్టి పక్క మనిషి ఏం చేస్తుందో ముందుగానే తెలుస్తుంది.

అక్కడి రక్షణ అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. నేను ఏం చేయబోతున్నానో నా వెనకున్న మనిషికి ముందే తెలియాలి.

మూడు గీతలు

ట్రాకు మీద రంగు గీతలు గీస్తారు. అన్నిటి కంటే కింద నల్ల గీత ఉంటుంది. చుట్టు పొడవును ఈ గీత మీదనే కొలుస్తారు. దాని పైన ఎర్ర గీత ఉంటుంది. ఇంకా పైన నీలం గీత ఉంటుంది.

సాధన చేసే పూట ఈ గీతలే ట్రాఫిక్ పోలీసులు. జోరుగా తొక్కేవారికి కింద నల్ల గీత దగ్గర దారి వదలాలి. నెమ్మదిగా తొక్కేవారు, అలుపు తీర్చుకునేవారు నీలం గీత పైన ఉండాలి. కొత్తవారు జోరుగా పోయేవారికి అడ్డం రాకూడదు. జోరుగా పోయేవారు కొత్తవారిని బెదరగొట్టకూడదు. ఇద్దరికీ చోటు ఉంది.

అందరూ ఒకే దిక్కుగా తిరుగుతారు. ఎడమ చెయ్యి లోపలి వైపు, కుడి చెయ్యి బయటి వైపు ఉంటుంది. ఎవరినైనా దాటాలంటే కుడి పక్క నుంచే దాటాలి. లోపలి సందులో నుంచి దూరి పోకూడదు. పైకి జరగాలంటే ముందు కుడి భుజం మీదుగా వెనక్కు చూడాలి. ఎవరూ లేరని కళ్ళతో చూశాకే జరగాలి. చప్పుడు వినపడలేదు కదా అని జరగకూడదు. సైకిలుకు ఇంజను లేదు. అది చప్పుడు చేయకుండానే వస్తుంది.

ఈ ఒక్క అలవాటు మన రోడ్డుకు అచ్చంగా సరిపోతుంది. మనం రోడ్డుకు ఎడమ పక్కన పోతాం. దాటేవారు మన కుడి పక్క నుంచి వస్తారు. గుంత తప్పించాలన్నా, ఆగి ఉన్న బండిని దాటాలన్నా మనం కుడికే జరుగుతాం. కాబట్టి కుడి భుజం మీదుగా ఒక్క చూపు చూసి జరగాలి. రోడ్డు మీద చాలామంది ముందు జరిగి తర్వాత చూస్తారు.

చక్రం పక్కన చక్రం

ఇప్పుడు అన్నిటి కంటే ముఖ్యమైన సంగతి. దీన్ని నెమ్మదిగా చదవండి. కావాలంటే రెండుసార్లు చదవండి.

ఇద్దరు సైకిళ్ళ మీద పోతున్నారు. ఒకరు ముందు, ఒకరు వెనక. వెనకావిడ కొంచెం ముందుకు వచ్చింది. ఆమె ముందు చక్రం, ముందావిడ వెనక చక్రం పక్కకు వచ్చింది. రెండు చక్రాలు పక్కపక్కన ఉన్నాయి. అప్పుడు ముందావిడ కొద్దిగా పక్కకు జరిగింది. రెండు చక్రాలు రాసుకున్నాయి. ఎవరు పడతారు?

ముందావిడ పడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఎక్కువగా పడేది వెనకావిడ. ఎందుకంటే ముందావిడకు తగిలింది వెనక చక్రం. ఆమె చేతిలో హ్యాండిల్ భద్రంగా ఉంది. వెనకావిడకు తగిలింది ముందు చక్రం. హ్యాండిల్ తిప్పేది ఆ చక్రాన్నే. అది పక్కకు లాక్కుపోతే ఇక సైకిలు నిలవదు.

అందుకే ట్రాకు మీద మొదటి పాఠం ఇది. నీ ముందు చక్రాన్ని పక్కవారి వెనక చక్రం పక్కకు పోనివ్వకు. పూర్తిగా వెనక ఉండు. లేదా పూర్తిగా దాటి పో. మధ్యలో వేలాడకు.

రెండో పాఠం చూపు గురించి. ముందు పోయే సైకిలు చక్రాన్నే చూస్తూ ఉండకూడదు. ఎంత కొత్తవారైనా చక్రాన్నే చూడాలనిపిస్తుంది. చక్రాన్ని చూస్తే చక్రమే కనపడుతుంది. ముందావిడ భుజం మీదుగా, ఇంకా ముందుకు చూడాలి. నలుగురి అవతల ఏం జరుగుతోందో చూడాలి. తలమీద బిందె పెట్టుకొని నడిచేటప్పుడు మనం కాళ్ళ వంక చూస్తామా? దారి వంక చూస్తాం. అలాగే.

మూడో పాఠం గీత తప్పకుండా పోవడం. ఏ గీత మీద పోతున్నామో ఆ గీత మీదే పోవాలి. వంకరగా పోతే వెనకవారికి మన మనసు తెలియదు.

నాలుగోది నోటి మాట. పైన ఇంకో సైకిలు ఉంటే, కింద నుంచి వచ్చే మనిషి గట్టిగా కేక వేస్తుంది. అక్కడే ఉండు, జరగకు అని ఆ కేకకు అర్థం. అది కోపంతో వేసే కేక కాదు. మర్యాదతో వేసేది. మన ఇళ్ళలో ఆడపిల్ల గట్టిగా మాట్లాడితే తప్పు పడతారు కదా. అక్కడ గట్టిగా మాట్లాడకపోతే తప్పు పడతారు.

ఒక పూట సాధన

సాధన ఎలా మొదలవుతుంది? ముందు సైకిలు చూసుకుంటారు. టైర్లలో గాలి సరిగా ఉందా? చక్రం నట్లు బిగిసి ఉన్నాయా? చైను మరీ వదులుగా లేదు కదా? హ్యాండిల్ ఊగుతోందా? జేబుల్లో ఉన్నవన్నీ తీసి పక్కన పెడతారు. ఒక తాళంచెవి దారి మీద పడినా వెనకవారి చక్రం దాని మీదకే వస్తుంది. తలకు హెల్మెట్టు తప్పనిసరి. చేతికి తొడుగులు వేసుకుంటారు. పడితే మొదట నేలకు తగిలేది అరచేయి కాబట్టి.

తర్వాత అందరూ ఒక వరుసగా ట్రాకు ఎక్కుతారు. మొదట నెమ్మదిగా పది, పదిహేను నిమిషాలు తిరుగుతారు. ఒళ్ళు వేడెక్కాలి. శిక్షకుడో, శిక్షకురాలో మధ్యలో నిలబడి చూస్తూ ఉంటారు.

వరుసలో ముందున్న మనిషికి కష్టం ఎక్కువ. గాలి ఆమె ఎదకే కొడుతుంది. వెనకున్నవారికి గాలి అంతగా తగలదు. ఎదురుగాలిలో గడ్డి మోపు మోసుకొచ్చేటప్పుడు ముందు నడిచే మనిషి వెనక చేరితే కొంచెం సులువుగా ఉంటుంది. ఇది మీకు తెలిసిందే. వేగం పెరిగేకొద్దీ ఈ తేడా బాగా పెరుగుతుంది. వెనక దగ్గరగా తొక్కే మనిషికి మూడో వంతు దాకా శ్రమ తగ్గవచ్చు.

మరి ఎప్పుడూ ఒకరే ముందుండి గాలి తినాలా? అలా కాదు. వంతులు వేసుకుంటారు. ముందున్న మనిషి ఒక చుట్టో, రెండు చుట్లో లాగుతుంది. తర్వాత మలుపు దగ్గర భుజం మీదుగా చూసి సైకిలును పైకి ఎక్కిస్తుంది. మిగిలినవారు ఆమె కింద నుంచి ముందుకు పోతారు. ఎత్తు ఎక్కడం వల్ల ఆమె వేగం కొంచెం తగ్గింది కదా. వరుస దాటిపోగానే ఆమె కిందికి దిగి చివరి మనిషి వెనక చేరుతుంది. ఇప్పుడు రెండో ఆమె ముందుంది. ఆమె వంతు అయ్యాక మూడో ఆమె. ఇలా తిరుగుతూనే ఉంటుంది. నాట్లప్పుడు బదులు కూలి చేసుకుంటాం చూడండి. ఈ రోజు నీ పొలం, రేపు నా పొలం. అదే లెక్క.

ముందుకు వచ్చిన మనిషి చేయకూడని పని ఒకటుంది. తన వంతు రాగానే తన బలం చూపించాలని ఉరకకూడదు. అలా ఉరికితే వరుస తెగుతుంది. వెనకవారు తంటాలు పడి అందుకోవాలి. ముందున్న ఆమె ఏ వేగంతో పోయిందో అదే వేగంతో పోవాలి. బలం ఉన్నవారు వేగం పెంచరు. రెండు చుట్లు ఎక్కువగా ముందుంటారు. నన్నడిగితే సంసారాలు నడిపేవారికి కూడా ఇది తెలిసిన సంగతే.

ఈ వంతుల పద్ధతిలోనే ఒలింపిక్స్‌లో ఒక పందెం ఉంది. జట్టుకు నలుగురు. దూరం 4 కిలోమీటర్లు, అంటే 16 చుట్లు. మూడో మనిషి గీత దాటినప్పుడు కాలం లెక్కపెడతారు. ఒక్కతే ముందు దూసుకుపోతే లాభం లేదు. 2021లో జపానులో జరిగిన టోక్యో ఒలింపిక్స్ పోటీలో జర్మనీ దేశపు ఆడపిల్లలు గెలిచారు. 4 కిలోమీటర్లను 4 నిమిషాల 4 సెకన్లలో తొక్కారు. మన పల్లెవెలుగు బస్సు వారి వెనక పోవాల్సిందే!

ఆడవాళ్ళకు ఈ పందేలు మొదటి నుంచీ లేవు. మగవాళ్ళ సైకిలు పందేలు 1896లో జరిగిన మొదటి ఒలింపిక్స్‌లోనే ఉన్నాయి. ఆడవాళ్ళ ట్రాకు పందెం 1988లో సియోల్ ఒలింపిక్స్‌లో మొదలైంది. లెక్క వేసి చూడండి. 92 ఏళ్ళు పట్టింది.

మన దేశం నుంచి కూడా ఆడపిల్లలు ఈ ట్రాకు మీదకు వచ్చారు. వారిలో డెబోరా హెరాల్డ్ ఒకరు. ఆమెది అండమాన్ నికోబార్ దీవులు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. అప్పుడు ఆమెకు తొమ్మిదేళ్ళు. చెట్టు కొమ్మను పట్టుకొని రోజుల తరబడి ఉండి బతికి బయటపడింది. పెద్దయ్యాక సైకిలు నేర్చి, ఢిల్లీ ట్రాకు మీద సాధన చేసింది. మన దేశం తరఫున పోటీల్లో పతకాలు తెచ్చింది.

మన రోడ్డు మీద

మనకు ట్రాకు లేదు. మనకు ఉన్నది తారు రోడ్డు, మట్టి రోడ్డు. గేదెలు, ఆటోలు, ఇసుక ట్రాక్టర్లు అన్నీ దాని మీదే పోతాయి. అందరూ ఒకే దిక్కుకు పోరు. కాబట్టి మనకు బ్రేకులు ఉండాలి. రెండు బ్రేకులూ పనిచేయాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకూడదు. సైకిలు ముందుకు తిరగబడుతుంది. రెండూ కలిపి, నెమ్మదిగా బిగించాలి. వానలో టైరు జారుతుంది. అప్పుడు ఇంకా ముందు నుంచే పట్టాలి.

ట్రాకు మీద జానెడు దూరంలో తొక్కుతారు కదా అని మనం తొక్కకూడదు. వారికి బ్రేకు లేదు, గుంత లేదు, మేక లేదు. మనకు అన్నీ ఉన్నాయి. ముందు సైకిలుకు, మన సైకిలుకు మధ్య రెండు సైకిళ్ళు పట్టేంత చోటు వదలాలి.

గుంపులో ముందు పోయే మనిషే కళ్ళు. వెనకవారికి దారి కనపడదు. కాబట్టి ముందున్న మనిషి నోరు తెరిచి చెప్పాలి. "గుంత!" అనాలి. "బండి వస్తోంది!" అనాలి. "ఆగుతున్నా!" అని చెప్పి, ఆ తర్వాత బ్రేకు వేయాలి. చివర పోయే మనిషి చెవులు. వెనక నుంచి లారీ వస్తే ఆమె "వరుస!" అని కేక వేయాలి. వెంటనే అందరూ ఒకరి వెనక ఒకరు రావాలి. కాబట్టి కొత్తగా నేర్చినవారిని ముందు గానీ చివర గానీ పెట్టకండి. మధ్యలో ఉంచండి.

లారీ హారన్ విన్నప్పుడు ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. ఉన్న గీత మీదే, ఎడమ అంచున, అదే వేగంతో పోవాలి. చెదిరిపోకూడదు. లారీ డ్రైవరు మన వరుసను చూసి ఎంత పక్కకు తిప్పాలో లెక్క వేసుకుంటాడు. మనం అటూ ఇటూ ఊగితే అతని లెక్క తప్పుతుంది.

ఒక్కొక్కసారి తారు అంచు దాటి చక్రం మట్టిలోకి దిగిపోతుంది. తారుకు, మట్టికి మధ్య జానెడు మెట్టు ఉంటుంది. కంగారుగా హ్యాండిల్ తిప్పి మళ్ళీ పైకి ఎక్కించాలని చూస్తాం. చక్రం ఆ అంచును రాసుకొని మనల్ని రోడ్డు మధ్యలో పడేస్తుంది. మట్టిలోనే పోయి ఆగండి. దిగండి. సైకిలును చేత్తో పైకి పెట్టుకోండి. సిగ్గేమీ లేదు.

ఖాళీ దారిలో ఇద్దరు పక్కపక్కన పోతూ మాట్లాడుకోవచ్చు. ముగ్గురు వద్దు. హ్యాండిళ్ళ మధ్య మూరెడు చోటు ఉండాలి. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి తొక్కకూడదు. ట్రాక్టరు తొట్టిని పట్టుకొని పోవడం అసలే వద్దు.

చీర, ఓణీ, చున్నీ సంగతి ట్రాకు శిక్షకులు చెప్పరు. మనమే చెప్పుకోవాలి. కొంగు నడుముకు బిగించి దోపుకోవాలి. చున్నీ వెనక ముడి వేసుకోవాలి. చైనుకు కవరు పెట్టించాలి. వెనక చక్రానికి పక్కన జాలీ పెట్టించాలి. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుంటే ఆ జాలీ ఇంకా అవసరం. పసిపిల్లల పాదాలు స్పోకుల్లోకి పోతాయి. మడమ నలిగిపోతుంది. జాలీకి పెట్టే డబ్బు ఆసుపత్రి ఖర్చు ముందు ఏపాటిది?

పుదుక్కోట్టై ఆడవాళ్ళు

పెద్దవాళ్ళమయ్యాం, ఇప్పుడు నేర్చుకోవడమేమిటి అని కొందరు అంటారు. తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ అనే ఆమె. చదువుతో పాటు ఆడవాళ్ళు సైకిలు కూడా నేర్వాలని ఆమె పట్టుబట్టారు. పొలం కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవారు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు అందరూ నేర్చుకున్నారు. ఒకరు నేర్చి ఇంకొకరికి నేర్పారు. వేలాదిమంది ఆడవాళ్ళు రోడ్డు మీదకు వచ్చారు. లేడీస్ సైకిళ్ళు దొరక్క చాలామంది మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. అడ్డకమ్మీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చు, ఇదే నయం అన్నవారు కూడా ఉన్నారు.

మొదట్లో వారిని చూసి నవ్వినవారు లేకపోలేదు. కూడని మాటలు అన్నవారు కూడా ఉన్నారు. అయితే ఒక్కతే వెళ్తుంటే అన్న మాటలు, యాభైమంది వెళ్తుంటే అనడం కష్టం. గుంపు వల్ల ఆ లాభం కూడా ఉంది. గుంపు మనల్ని పడేయకుండా ఉండాలంటే మాత్రం కలిసి తొక్కే విద్య రావాలి.

దానికి వెలోడ్రోమ్ అక్కర్లేదు. బడి ఆవరణ చాలు. ఆదివారం సాయంత్రం నలుగురు కలవండి. ముగ్గుపిండితో నేల మీద యాభై అడుగుల గీత గీయండి. మొదట ఒక్కొక్కరే ఆ గీత మీద నెమ్మదిగా తొక్కండి. తర్వాత గీత మీద పోతూ కుడి భుజం మీదుగా వెనక్కు చూడండి. వెనక నిలబడ్డ మనిషి వేళ్ళు చూపిస్తుంది. ఎన్ని వేళ్ళో మీరు చెప్పాలి. మొదట్లో మెడతో పాటు చేతులు కూడా తిరుగుతాయి. సైకిలు గీత దాటి కుడికి పోతుంది. దాని అర్థం రోడ్డు మీద కూడా పోతోందని. చేతులు తిరగకుండా మెడ ఒక్కటే తిరిగేదాకా తొక్కండి. అది వచ్చాక ఇద్దరు తొక్కండి. ఆ తర్వాత నలుగురు, వంతులు వేసుకొని, "గుంత!", "ఆగుతున్నా!" అని గట్టిగా కేకలు వేసుకుంటూ. ఆవరణ బయట ఎవరైనా నిలబడి చూస్తే వారిని కూడా పిలవండి. వేళ్ళు చూపించడానికి ఒక మనిషి కావాలి కదా.